తల్లి చూపు

ఇద్దరు చిన్నారి దేవదూతలు. ఒకడు అరచేత గడ్డము నానించి యున్నాడు. మరియొకడు రెండు చేతులును ముడిచి యెదుటి గట్టుపై నుంచినాడు. ఇరువురును కన్నులెత్తి పైకి చూచుచున్నారు. ఈ బొమ్మ నెరుగనివారు అరుదు. శుభాకాంక్షల కార్డులపైనను, క్యాలెండర్లపైనను, మిఠాయి డబ్బాలపైనను, నోటుపుస్తకముల అట్టలపైనను ఇది కన్పట్టుచునే యున్నది. 1995లో అమెరికా తపాలా శాఖ ఈ ఇద్దరిలో నొకని బొమ్మతో తపాలా బిళ్లను సైతము వెలువరించినది. ఇంతటి ప్రచారము పొందిన ఈ దేవదూతలు తలయెత్తి దేనిని చూచుచున్నారో మాత్రము పెక్కుమంది యెరుగరు. బొమ్మను కత్తిరించి అమ్మినవారు ఆ చూడదగినదానిని వదలివేసినారు.

వారు చూచుచున్నది ఒక తల్లిని, ఆమె చేతులలోని బిడ్డను. ఇటలీ దేశపు చిత్రకారుడు రాఫేల్ 1512-13 ప్రాంతమున చిత్రించిన ఆ పటమునకు సిస్టైన్ మడోన్నా అని పేరు. ఇప్పుడది జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు చిత్రశాలలో నున్నది. ఎత్తు సుమారు 9 అడుగులు, వెడల్పు 6 అడుగులకు మించినది. పోపు రెండవ జూలియస్, ఉత్తర ఇటలీలోని పియాచెంజా పట్టణమున బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసుల దేవాలయమునకై దీనిని వ్రాయించెను. ఆ దేవాలయము పునీత సిక్స్టస్ పేర వెలసినది. చిత్రమునకు ఆ పేరు వచ్చుటకు కారణ మిదియే. రోము నగరమునందలి సిస్టైన్ ప్రార్థనామందిరముతో దీనికి సంబంధము లేదు.

చిత్రమున నున్నది మిక్కిలి కొద్ది. పైన ఇరుప్రక్కలకు తొలగింపబడిన ఆకుపచ్చని తెరలు. నడుమ మేఘములపై నడచివచ్చుచున్న మేరీమాత. ఆమె పాదములకు చెప్పులు లేవు. తలపై కిరీటము లేదు. కూర్చుండుటకు సింహాసనము లేదు. ఎడమవైపున మోకరించిన వృద్ధుడు సిక్స్టస్. మూడవ శతాబ్దమున రోమును ఏలిన చక్రవర్తుల కాలములో మతము కొరకు ప్రాణము లిచ్చిన పోపు. ఆయన తన మూడంతస్తుల కిరీటమును తీసి క్రింద గట్టుపై నుంచి, ఒక చేతిని గుండెపై నానించి, రెండవ చేతితో చిత్రమునకు వెలుపల నున్నవారిని చూపుచున్నాడు. అనగా చూచుచున్న మనలనే చూపుచున్నాడు. కుడివైపున పునీత బార్బరా కన్నులు దించి క్రిందనున్న దేవదూతల వంక చూచుచున్నది. వెనుకనున్న తెల్లని వెలుగును మొదట మేఘమనుకొందుము. నిదానించి చూచిన కొలది అది అసంఖ్యాకములైన పసిముఖములతో నిండియున్నట్లు తెలియును.

తెరలు తొలగింపబడి యుండుట గమనింపదగిన విషయము. పైనున్న కమ్మి బరువునకు కొంచెము వంగినట్లు కూడ చిత్రకారుడు చూపినాడు. గర్భగుడి ముందర తెర తీయు క్షణమున భక్తుల గుంపులో కలుగు నిశ్శబ్దము నెరిగినవారికి ఈ తెర అర్థమును వేరుగ చెప్పనక్కరలేదు. కాని దర్శనమిచ్చు దేవత సాధారణముగ నిలిచియుండును. ఇచ్చట ఆమె నడచుచున్నది. మేలిముసుగు గాలికి ఉబ్బినది. వస్త్రపు మడతలు వెనుకకు సాగినవి. ఆమె రాక మనవైపునకే. చేతిలోని బిడ్డను దాచుకొనుటకు కాదు, అందించుటకు వచ్చుచున్నది.

ఇక ముఖములు. ఈ చిత్రము ముందర నిలిచినవారిని అయిదు వందల యేండ్లుగ ఆపివేయుచున్నవి ఆ రెండు ముఖములే. తల్లి నవ్వుట లేదు, ఏడ్చుటయు లేదు. కన్నులు కొంచెము విచ్చుకొని దూరమున నున్న దేనినో చూచుచున్నవి. బిడ్డ జుట్టు చెదరియున్నది. వాడును అటువైపే చూచుచున్నాడు. ఆ పసివాని చూపులో పసితనము లేదు. తమ యెదుట నున్న దేనినో ఇరువురును ఒక్కసారి చూచి గుర్తించినట్లున్నది. వారు చూచినదేమి?

దీనికి పండితులు చెప్పిన సమాధానములలో నొకటి మిక్కిలి హృదయంగమముగ నున్నది. ఈ పటము చిత్రశాల గోడకై పుట్టినది కాదు. దేవాలయమున ప్రధాన బలిపీఠమునకై పుట్టినది. అట్టి దేవాలయములలో బలిపీఠమునకు ఎదుటిభాగమున సిలువపై వ్రేలాడు క్రీస్తు ప్రతిమ నుంచు ఆచార ముండెను. తల్లియు బిడ్డయు చూచుచున్నది ఆ ప్రతిమనే యని ఆ పండితుల యూహ. అదియే నిజమైనచో, చేతులలోని పసివాడు తన మరణమునే యెదుట చూచుచున్నాడు. తల్లి తన బిడ్డకు కలుగబోవు గతిని చూచియు అడుగు ముందుకే వేయుచున్నది. సిక్స్టస్ చూపుచున్న చేయి కూడ ఆ దిక్కునకే సాగుచున్నది. ఇది ఊహయే యైనను, తెర, అడుగు, చేయి, చూపు అన్నిటిని ఒక్క త్రాట గట్టగల యూహ.

మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇది వాత్సల్యమును ఆధారము చేసికొని కరుణమును స్ఫురింపజేయు చిత్రము. స్ఫురింపజేయుటయే గాని చెప్పుట లేదు. సిలువ చిత్రమున లేదు. కన్నీరు లేదు. రక్తము లేదు. అవి యున్నచో చూచువాడు జాలిపడి వెడలిపోవును. లేనందుననే వాడు నిలిచి, వీరు దేనిని చూచుచున్నారని ప్రశ్నించుకొనును. వాచ్యముగ చెప్పిన దుఃఖముకన్న వ్యంగ్యముగ నున్న దుఃఖము లోతునకు దిగునని కావ్యపాఠములలో బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న చక్కని దృష్టాంతము దొరకుట కష్టము.

రాఫేల్ తల్లీబిడ్డల పటములను పెక్కింటిని వ్రాసెను. 1504 మొదలు 1508 వరకు ఫ్లారెన్సు నగరముతో సంబంధము కలిగియున్న కాలమున వ్రాసిన పటములలో పచ్చికబయళ్లు, దూరపు కొండలు, ఆడుకొను పిల్లలు, వారిని వాత్సల్యముతో చూచు తల్లి కనుపింతురు. వానిలో నొకదానియందు బాల యోహాను బాలయేసునకు ఒక చిన్న పిట్ట నందించుచుండును. ఆ పిట్ట సిలువ బాధకు సంకేతమని ఆనాటి భక్తు లెరుగుదురు. కనుక ఆ ఆటలయందును నీడ లేకపోలేదు. అయినను ఆ పటములలో తల్లి బిడ్డను తనయొద్దనే యుంచుకొనును. సిస్టైన్ మడోన్నాలో పచ్చికయు పోయినది, కొండలును పోయినవి, ఆటయు ముగిసినది. తల్లి, బిడ్డ, చూచువాడు, ఈ మువ్వురే మిగిలినారు.

రాఫేల్ 1483లో ఉర్బినో పట్టణమున జన్మించెను. 1491లో తల్లి మరణించెను. 1494లో చిత్రకారుడైన తండ్రియు మరణించెను. పదునొకండేండ్ల వయసుననే వాడు తల్లిదండ్రులు లేని పిల్లవాడు. జీవితాంతము తల్లీబిడ్డలను చిత్రించుటకు ఇదియే కారణమని చెప్పుట సాహసము. ఆ కాలమున చిత్రకారులందరును ఆ విషయమునే చిత్రించుచుండిరి. కారణ మెట్లున్నను, తన ముప్పదవ యేట వాడు ఈ ముఖమును వ్రాసెను. పటమును కోరిన జూలియస్ 1513 ఫిబ్రవరిలో మరణించెను. రాఫేల్ 1520 ఏప్రిలులో ముప్పదియేడేండ్లకే కన్ను మూసెను.

రెండువందల యేండ్లకు పైగా ఈ పటము పియాచెంజాలో సన్యాసుల ప్రార్థనల నడుమ నుండెను. 1754లో సాక్సనీ పాలకుడును పోలెండు రాజునైన మూడవ ఆగస్టస్ దానిని కొని డ్రెస్డెనుకు తెప్పించెను. పటము సభామందిరమునకు వచ్చినపుడు దానికి చోటు కల్పించుటకై రాజు తన సింహాసనమును తానే ప్రక్కకు జరిపెనను కథ యొకటి ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను ఒక సత్యమును చెప్పుచున్నది: దేవాలయమున భక్తుల మ్రొక్కులందుకొన్న తల్లి, ఆ నాటినుండి రాజులకును రసికులకును సొత్తయినది. పియాచెంజా దేవాలయమున నేడున్నది నకలు. ఎదుట సిలువ ప్రతిమ యున్నచోటు పోయి, ఎదుట చిత్రశాల గోడ వచ్చినది. తల్లి చూపు మాత్రము మారలేదు. చూపునకు ఎదుటనున్న వస్తువు తొలగిపోగా, ఆ చోటున ప్రతి తరమువారును తమ కాలపు దుఃఖమును నిలుపుకొనిరి.

1755లో వింకెల్మన్ అను జర్మను పండితుడు ఈ పటమునందలి శాంతగాంభీర్యములను ప్రాచీన గ్రీకు శిల్పములతో పోల్చి మెచ్చుకొనెను. 1867లో రష్యా నవలాకారుడు దోస్తయేవ్‌స్కీ భార్యతో డ్రెస్డెనులో నున్నపుడు మాటిమాటికి పోయి దీని ముందర నిలిచెడివాడు. కడపటి సంవత్సరములలో ఆయన వ్రాతగదిలో దీని ఛాయాచిత్రమే గోడపై నుండెను. పాపులను, హంతకులను, దిక్కులేని పిల్లలను గూర్చి వ్రాసిన ఆ రచయితకు ఈ ముఖము అవసరమైనది.

పిమ్మట యుద్ధము వచ్చినది. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలు డ్రెస్డెను నగరముపై బ్రిటిషు, అమెరికను విమానములు బాంబులు కురిపించినవి. నగరము మధ్యభాగము బూడిద యయ్యెను. వేలకు వేలు స్త్రీలు, పిల్లలు మరణించిరి. చిత్రశాల భవనము కాలిపోయెను. పటమును మాత్రము అంతకు ముందే నగరమునకు దూరముగ ఒక సొరంగమున దాచియుంచిరి. యుద్ధము ముగిసిన వెంటనే సోవియట్ సైన్యము దానిని కనుగొని మాస్కోకు కొనిపోయెను. పదేండ్లు అది ప్రజల కంట పడలేదు. తిరిగి తూర్పు జర్మనీ కప్పగించుటకు నిశ్చయము జరిగిన పిమ్మట, 1955లో మాస్కోలోని పుష్కిన్ మ్యూజియమున ప్రదర్శించిరి. లక్షలాది జనులు వరుసలుగ నిలిచి దానిని చూచిరి. 1956లో డ్రెస్డెను చిత్రశాల మరల తెరచునప్పటికి పటము తన చోటికి చేరుకొనెను.

మాస్కోలో ఆ వరుసలలో నిలిచి చూచినవారిలో వాసిలీ గ్రాస్‌మన్ అను రచయిత యొకడు. ఆయన యూదు కుటుంబమున పుట్టినవాడు. యుద్ధకాలమున పత్రికా విలేఖరిగా సైన్యము వెంట నడచినవాడు. 1941లో ఉక్రెయినులోని బెర్దిచెవ్ పట్టణమున ఆయన తల్లిని, ఇతర యూదులతో పాటు, నాజీలు చంపిరి. 1944లో సైన్యముతో కూడ పోలెండులోని ట్రెబ్లింకా చేరి, నాజీలు లక్షలాది యూదులను విషవాయు గదులలో చంపిన ఆ స్థలమును చూచి, లోకమునకు మొదట తెలియజెప్పినవారిలో ఆయన యొకడు. పదునొకండేండ్ల తరువాత రాఫేల్ పటము ముందర నిలిచినపుడు ఆయనకు స్ఫురించినది దేవాలయము కాదు, ట్రెబ్లింకా నేల. బిడ్డ నెత్తుకొని చెప్పులు లేని కాళ్లతో ఆ నేలపై విషవాయు గదివైపు నడచిన తల్లులలో ఈ తల్లి ఆయనకు కనుపించెను. ఆ సంవత్సరమే వ్రాసిన వ్యాసమును ఆయన తన జీవితకాలమున అచ్చులో చూడలేదు. 1964లో ఆయన మరణించిన పిమ్మట చాలకాలమునకు గాని అది వెలుగు చూడలేదు.

ఇచ్చట ఒక భేదమును మరువరాదు. క్రైస్తవ విశ్వాసము ప్రకారము మేరీమాత బిడ్డ నందించుట లోకరక్షణకై అంగీకరించిన త్యాగము. ట్రెబ్లింకా తల్లుల నెవరును అడుగలేదు. వారిది త్యాగము కాదు. వారిపై జరిగినది హత్య. హత్యకు త్యాగమని పేరు పెట్టుట చచ్చినవారికి చేయు రెండవ అన్యాయము. పటమును చూచి గ్రాస్‌మన్ గుర్తించినది ఆ రెండింటి సామ్యమును కాదు. ఎట్టి చీకటి యెదుటనైనను తల్లి తన బిడ్డను చేతులనుండి జారవిడువదు. మనుష్యునిలోని ఆ మనుష్యత్వమును ఏ బలమును చంపజాలదు. ఆయన ఈ పటమున చదివినది ఇది.

ఈ వృత్తాంతము ఉపాధ్యాయులకు తరచుగ ఎదురగు ఒక సందేహమునకు సమాధాన మిచ్చుచున్నది. అన్యమతమునకు చెందిన పూజాపటమును తరగతిలో చూపవచ్చునా? చూపినచో ఏమని చెప్పవలెను? ఈ విషయమున రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది, అది వారి మతము, మనకెందులకని ప్రక్కకు నెట్టుట. రెండవది, మతము మాట యెత్తక రంగులు, రేఖలు, పొందిక అని మాత్రమే చెప్పి ముగించుట. మొదటి పొరపాటు పటమును తలుపు వెలుపల నుంచును. రెండవది పటమునందలి తల్లిని బొమ్మగ మార్చును. మేఘములపై నున్నది ఎవరో, బిడ్డకు ఏమి జరుగబోవునని భక్తులు నమ్ముదురో చెప్పనిచో ఆమె చూపునకు అర్థమే లేదు. ఆ విశ్వాసమును తెలిసికొనుటకు దానిని స్వీకరింపవలసిన పనియు లేదు. గ్రాస్‌మన్ క్రైస్తవుడు కాడు. అయినను ఆ తల్లి కన్నులలో తన తల్లిని పోగొట్టుకొన్న కాలమును చదువగలిగెను. తెలిసికొనుటకు కావలసినది మతైక్యము కాదు, నిలిచి చూచు ఓర్పు.

ఆ ఓర్పు నేడు అరుదగుచున్నది. ఫోను తెరపై వ్రేలు కదలించిన మాత్రమున నూరు బొమ్మలు వచ్చుచు పోవుచున్నవి. విద్యార్థి వానినన్నిటిని చూచుచున్నాడు. దేనిని చూచితివన్న చెప్పలేకున్నాడు. చూచుట నేర్పవలసిన విద్య. పద్యమును ఒకసారి చదివి అర్థమైనదనువానిని ఏ తెలుగు పండితుడును నమ్మడు. రెండవసారి, మూడవసారి చదివించును. పటమును కూడ అట్లే చదివింపవలెను.

దీనికి పెద్ద సన్నాహ మక్కరలేదు. చిత్రము పూర్తిగ అచ్చయిన ప్రతి యొకటి చాలును. చిత్రలేఖన పాఠ మున్నచో ఆ గంట, లేనిచో తెలుగు గంటలో నొకటి. మొదటనే చిత్రకారుని పేరు, సంవత్సరము, దేశము చెప్పి వ్రాయించుట తగదు. అట్లు చేసిన విద్యార్థి చూపు నోటుపుస్తకము మీదికి పోవును. పటమును గోడకు తగిలించి కొంతసేపు మౌనముగ చూడనిచ్చి, పిమ్మట అడుగవలెను: ఎవరు ఎవరిని చూచుచున్నారు? ఆ వృద్ధుడు ఎవరిని చూపుచున్నాడు? తెరలు ఎందుకున్నవి? తల్లి నిలిచియున్నదా, నడచుచున్నదా? ఆమె సంతోషముగ నున్నదా? తొందరపడి సంతోషముగ నున్నదని చెప్పిన పిల్లవాడు రెండవసారి చూచి తన మాటను తానే సవరించుకొనును. ఆ సవరణయే పాఠము. తరువాత పేరు చెప్పవచ్చును. పియాచెంజాను, డ్రెస్డెనును, మాస్కోను గూర్చి చెప్పవచ్చును. పై తరగతుల విద్యార్థులకైనచో గ్రాస్‌మన్ కథను కూడ చెప్పవచ్చును. అప్పుడు సంవత్సరములు కంఠస్థము చేయవలసిన అంకెలుగ గాక, ఒక తల్లి దాటివచ్చిన మజిలీలుగ నిలుచును.

చివర ఆ ఇద్దరు దేవదూతలను చూపవలెను. పిల్లలు వారిని వెంటనే గుర్తింతురు. కొందరు తమ పుస్తకపు అట్టపైనే యున్నారని చెప్పుదురు. వారు కొంటెగ ముచ్చటించుకొనుచున్నారనియో, విసుగుచెంది కూర్చున్నారనియో అంతవరకు తలచియుందురు. తలపై పటమంతయు నిలిచియున్నపుడు వారి ముఖముల భావము మారిపోవును. వారు ఆడుకొనుట లేదు. జరుగబోవుదానిని తెలిసి, మాటాడక కనిపెట్టుకొని యున్నారు.

2012లో డ్రెస్డెను చిత్రశాల ఈ పటమునకు అయిదు వందల యేండ్లు నిండిన సందర్భమున ప్రత్యేక ప్రదర్శన జరిపినది. ఆ తరువాతి యేండ్లలోను లోకమున యుద్ధములు ఆగలేదు; బిడ్డలను చంకనెత్తుకొని, చెప్పులు లేని కాళ్లతో ఊళ్లు విడిచిన తల్లుల ఛాయాచిత్రములు పత్రికల మొదటి పుటలలో అచ్చగుచునే యున్నవి. వానిని చూచి పుట త్రిప్పివేయక ఒక్క నిమిషము నిలుచువాడు, ఏ తరగతిగదిలోనో, ఏ ఉపాధ్యాయుని యొద్దనో, ఒక తల్లి ముఖమును నిదానముగ చూచుట నేర్చుకొని యుండవలెను. ఆ పాఠమును చెప్పుటకు ఒక పటము, ఒక గంట చాలును.